చీటీలో నేను చదవని వాక్యం

పదకొండేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. అన్నది కాదు, అనకుండా మింగింది. నోటి దురుసుదాన్నని పేరు పడ్డ నేను ఒక్కచోట కావాలనే నోరు మూసుకున్నాను.

మా జహీరాబాద్ ఇంట్లో ఇద్దరు కోడళ్లం. పెద్దామెను అక్కా అంటాను. ఆమెకు అక్షరం రాదు, నేను బీఎస్సీ. తొలికోడి కూయకముందే లేచి, చెరుకు కోతకు వెళ్లేవాళ్లకు జొన్నరొట్టెలు చేసేది ఆమె. పొద్దెక్కాక లేచి, ఆ రొట్టెలే తిని బడికి పాఠాలు చెప్పడానికి పోయేది నేను.

ఒకసారి ఆమె కాలి బొటనవేలు ఎర్రగా వాచింది. దవాఖానకు తీసుకెళ్లాను. బీపీ ఎక్కువుంది. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ కూడా ఎక్కువే. డాక్టరు వింత ప్రశ్న వేశాడు, ఈమె ఎన్ని గంటలు నిద్రపోతుందని. నాలుగు, అన్నాను. నిద్ర చాలకపోతే బీపీ దిగదని, యూరిక్ యాసిడ్‌కూ నిద్రకూ ఏదో లంకె ఉందేమోనని తన అనుమానమని చెప్పాడు. నేను ఊరుకుంటానా? అట్లయితే పల్లెల్లో ఆడవాళ్లందరూ రోగిష్ఠులే కావాలి కదా అని వాదించాను. ఆయన నవ్వి, ఇంగ్లీషులో చీటీ రాసిచ్చాడు.

బయటికొచ్చి అక్కకు చదివి చెప్పాను. ఉప్పు తగ్గించాలి. పప్పు, మాంసం మానాలి. గోళీలు తప్పొద్దు. అన్నిటికన్నా కింద ఉంది: ఏడు గంటలు నిద్రపోనివ్వండి. అది చదవలేదు. నమ్మకం లేక చదవలేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె పడుకుంటే పొయ్యి ముందు కూర్చోవలసింది ఎవరో నాకు తెలియదా?

మరుసటేడు తమ్ముడి పెళ్లికని అక్క రాయికోడ్‌లోని పుట్టింటికి వెళ్లి నెల ఉండి వచ్చింది. వేలి వాపు లేదు. బీపీ దిగింది. పథ్యం గుణమని ఇంట్లో అందరూ నన్నే మెచ్చుకున్నారు. అక్క మాత్రం నన్ను పక్కకు పిలిచింది.

“చెల్లె, ఓ మాట చెప్త, తిట్టకు. ఆడ రోజు పప్పు తిన్న. పెండ్లిల మటన్ గూడ తిన్న.”

“మరి ఎట్ల తగ్గింది? ఇంకేం చేసినవ్?”

“ఏం జేస్త? పొద్దెక్కేదాంక పండుడే. మా అమ్మ నన్ను లేపనియ్యలే. నాకే షరమైంది.”

“ఏదో గోళీల గుణం. మల్ల పప్పు ముట్టినవంటే చూడు!”

తల దించుకుని సరేనంది.

ఆ క్షణంలో నాకు సిగ్గు కాదు, ఆశ్చర్యం కలిగింది. డాక్టరు అన్నది నిజమేనా? కంటిమీద కునుకు రక్తనాళాన్ని ఎట్లా వదులు చేస్తుంది? వేలికీ నిద్రకీ ఏమిటి సంబంధం? ఎదురైన ప్రతివాళ్లనూ ఎన్ని గంటలు పడుకుంటారని అడిగాను. చిరాగ్‌పల్లి దగ్గర లారీ డ్రైవర్లను కూడా వదల్లేదు. అక్క మళ్లీ రొట్టెల పనిలో పడ్డాక వేలు ఎప్పుడు వాస్తుందా అని కనిపెట్టి చూశాను. రెండు నెలలు కాకముందే వాచింది. నా అనుమానం నిజమైందని ఒక్క క్షణం, అవును, సంతోషించాను. తెలుసుకోవాలన్న ఆ ఆత్రంలో, తెలిసింది ఆమెకు చెప్పాలని ఎందుకు తోచలేదు? తోచింది. కానీ చెబితే ఆ డాక్టరు ముందు ఓడిపోయానని ఒప్పుకోవాలి. రొట్టెలు చేయాలి.

కిందటేడు అక్క ఎడమచేయి పడిపోయింది. నిద్ర ఒక్కటే కారణమా? ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. నేనూ చెప్పలేను. నాకు అదొక సాకుగా మిగలకూడదనే రాస్తున్నాను.

ఇప్పుడు రొట్టెలు నేనే చేస్తున్నాను. పడుకో అక్కా అంటే ఆమెకు నిద్ర పట్టడం లేదు. మొన్న నవ్వుతూ అంది: “పప్పు మానుమన్నవ్, మాన్న. ఉప్పు మానుమన్నవ్, మాన్న. పండుమని అప్పుడే అంటే పండకపోదునా చెల్లె?”

నేనూ నవ్వాను. ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. మీకు మాత్రం చెప్పాను: చీటీలో ఉంది, నాకు కనిపించింది, నేను చదవలేదు.