గేటు ముందు సరుకు బండి

సరుకు మోయనివాళ్లకు సరుకు బండి ఎందుకు? షార్జా పొలిమేరల్లో కొత్తగా లేచిన విల్లాల వీధిలో డ్రైవరుగా ఉన్న రోజుల్లో నన్ను బాగా మండించిన ప్రశ్న ఇది. దానికి జవాబు దొరికిన రోజు గుండె మీంచి బస్తా దించినట్టయింది గనక ఇప్పుడు కోపం లేకుండా రాయగలుగుతున్నాను. అక్కడక్కడా మిగిలి ఉంటే మన్నించాలి.

రెండువేల మూడో సంవత్సరం. మా వీధిలో పద్నాలుగు గేట్లుంటే తొమ్మిదింటి ముందు పికప్‌లు. అద్దంలా మెరిసేవి. వెనక తొట్టిలో గీత పడకూడదని నల్లటి రబ్బరు పరుపు వేయించుకునేవాళ్లు. ఎదురింటి ఆఫీసు మేనేజరు బండిలో ఒక పూలకుండీ ఎక్కగా కూడా నేను చూడలేదు. దాన్ని వారానికి రెండుసార్లు కడిగించేవాడు. ఏ మట్టి అంటిందని కడిగిస్తున్నావయ్యా అని అడగాలని నోటిదాకా వచ్చేది.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. తక్కిన చదువంతా పొట్లాల కాగితాలూ, బస్సుల మీది బోర్డులూ చెప్పినదే. పికప్ గురించి మాత్రం నాకెవరూ పాఠం చెప్పనక్కరలేదు. గల్ఫ్ వచ్చిన కొత్తలో షార్జా అవతల సజ్జా అనే ఫ్యాక్టరీల వాడలో ఇనుప పైపుల మధ్య కాళ్లు ముడుచుకుని, వెనక తొట్టిలో పనికి పోయేవాళ్లం. ఎండకు తొట్టి అంచు పట్టుకుంటే అరచెయ్యి కాలేది. ఎవరు ఎక్కడ కూర్చుంటారో దాన్నిబట్టే మనిషి లెక్క: ముందు సీటు పెద్ద మేనేజరుది, అంటే ముదీర్‌ది, వెనక సీటు ఫోర్‌మన్‌ది, తొట్టి మాది. లైసెన్సు వచ్చాక పదకొండేళ్లు సిమెంటు బస్తాల పికప్ నడిపాను. ఆ తర్వాతే ఈ అరబ్బుల ఇంట్లో తెల్ల కారు చేతికొచ్చింది. దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని కడప దగ్గర మా ఊరికి పంపాను. నా బతుకులో వచ్చిన ప్రమోషన్ అదొక్కటే.

అలాంటిది, ఒక మధ్యాహ్నం మా కఫీల్, అంటే నా వీసా ఎవరి పేరున ఉందో ఆ యజమాని, తెల్ల కారు ఇచ్చేసి వెనక సీటు కూడా ఉన్న కొత్త పికప్ తెచ్చాడు. నవ్వుతూ తాళం నా చేతిలో పెట్టబోయాడు.

"అర్బాబ్, సామాన్ గాడీ నేను నడపను. ఇప్పటిదాకా మోసింది చాలు," అన్నాను, మా ఇద్దరి మధ్యా నడిచే హిందీలో.

ఆయన నవ్వు ఆగిపోయింది. తాళం జేబులో వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి తెల్లవారగానే ఆయనే బండి తీసేవాడు. పక్కన వాళ్లమ్మ కూర్చునేది. సాయంత్రం మళ్లీ అంతే. నాకు మిగిలింది మేడమ్ గారి చిన్న కారులో పిల్లల్ని బడికి దించి తేవడం. అలాగే ఏడు వారాలు గడిచాయి. నా వీసాకు ఇక రెండు నెలలే గడువుంది. ఎప్పుడూ మూడు నెలల ముందే "ఫోటోలు తే" అనే మనిషి, ఈసారి నన్ను చూసి తల తిప్పుకుంటున్నాడు. నాకప్పటికి యాభై ఎనిమిది. ఆ వయసులో వీసా క్యాన్సిల్ అయి పోయినవాణ్ణి మళ్లీ ఎవరూ పిలవరు. ఊళ్లో మా ఇంటికి గోడలు లేచి ఆగాయి. ఇంకొక్క వీసా పడితే వాటి మీద కప్పు పడుతుంది. లేకపోతే ఆ గోడల మధ్యే నేనూ మా ఇంటామె ఆకాశం చూస్తూ పడుకోవాలి.

వంటింట్లో గోదావరి జిల్లా నుంచి వచ్చిన వంటమనిషి ఉండేది. నా గది తలుపు దగ్గరికొచ్చి మొదలుపెట్టింది.

"ఏంటండీ బాబాయ్ గారూ, చొక్కాలన్నీ మడతెడతన్నారు? పెళ్లికెల్తన్నారా?"

"సూట్‌కేసులోకమ్మా. ఈ మనిషి నన్ను పంపించేటట్టే ఉండాడు."

"పంపించక ముద్దెట్టుకుంటారేంటండీ? బండిత్తే వద్దంటిరి. అదేమన్నా మిమ్మల్ని నెత్తినెట్టుకోమందా? ఎక్కి కూకోడమే కదా!"

"నీకేం తెలుసు పికప్ అంటే? పనీపాటా లేనోళ్ల షోకు అది."

"షోకైతే ముసలమ్మగారి బట్టల నిండా గడ్డెందుకుంటాదండీ? ఉతికేదాన్ని నేను."

ఆ మాట నేను చెవిన పెట్టలేదు. కోపంగా ఉన్నప్పుడు నాకు వినబడేది నా గొంతు ఒక్కటే.

మరో వారానికి యజమాని పనిమీద ఒమన్ వెళ్లాడు. పొద్దున్నే ముసలమ్మ నా గది ముందుకొచ్చి నిలబడింది. అన్నేళ్లలో నన్ను ఒక్క పని కూడా అడిగిన మనిషి కాదు. ముఖానికి అక్కడి పెద్దవాళ్లు పెట్టుకునే బంగారు రంగు బుర్ఖా ముసుగు, చేతిలో తాళం.

"రఫీక్, యల్లా," అంది, 'మిత్రమా, పద' అని.

ఆమెకు కాదని ఎలా చెప్పను? ఎక్కాను. సీట్లకు ఇంకా ప్లాస్టిక్ కవర్లున్నాయి. దారిలో ఒక దుకాణం దగ్గర ఆపించి పచ్చగడ్డి మోపులు, నీళ్ల డ్రమ్ములు ఎక్కించింది. అప్పుడు చూశాను తొట్టిని. గీత పడని చోటు లేదు. రెండు నెలలు గేటు ముందే ఉన్న బండి, ఒక్కసారి తొంగి చూడలేదు నేను.

ఆఖరి విల్లా దాటాక తారు అయిపోయింది. ఇసుకలో ఇరవై నిమిషాలు పోయాం. కంచె కనబడింది. బండి చప్పుడుకే ముప్పై మేకలు పరుగెత్తుకొచ్చాయి. ఆమె ఒక్కొక్క దాన్నీ పేరు పెట్టి పిలుస్తోంది. ఒకటి మాత్రం దూరంగా తల వేలాడేసి నిలబడింది. నన్నెవరూ అడగలేదు, నా చెయ్యే పోయి దాని చెవి పట్టుకుంది.

"అమ్మా, దీనికి జ్వరం," అన్నాను.

ముసుగు వెనక ఆమె నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. తర్వాత సగం అరబ్బీ, సగం హిందీలో చెప్పింది. పాత ఇంట్లో మేకలు వాకిట్లోనే ఉండేవట. ఈ కొత్త కాలనీలో ఇళ్లలో పశువుల్ని ఉంచనివ్వరు. ఇక్కడికి తోలారు. కారు ఇసుకలో కూరుకుపోతుంది. వాటిని చూడక ఆమె తిండి మానేసింది. అప్పుడు కొడుకన్నాడట: "మన డ్రైవరు తండ్రి మేకలు కాసినవాడు. ఇతను చెవి ముట్టుకుని జ్వరం చెబుతాడు. ఇసుకలో పోయే బండి కొంటాను, రోజూ నిన్ను తీసుకుపోతాడు."

పనిలో చేరిన మొదటి వారం నేనే ఆయనతో గొప్పలు చెప్పుకున్న మాట అది. నలభై ఏళ్ల కిందటి కూలి రేట్లు కూడా గుర్తున్నవాణ్ణి, దీన్ని మాత్రం మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు.

"నువ్వు వద్దన్నావు. 'మోసి మోసి అలిసిపోయాడమ్మా, వదిలెయ్, నేనే తీసుకెళ్తా' అన్నాడు వాడు. రోజూ ఆఫీసుకు ఆలస్యం," అంది.

"మరి నా వీసా?" నోరు జారాను.

"వీసా సంగతి నాకేం తెలుసు! మేకకు ఏం చెయ్యాలి, అది చెప్పు."

డాక్టరుకు చూపించాలన్నాను. తొట్టిలో ఎక్కించబోతే ఆమె ఒప్పుకోలేదు. వెనక సీటు తలుపు తీసింది. ఫోర్‌మన్ సీట్లో, ప్లాస్టిక్ కవరు మీద, మేక దర్జాగా ఊరు చూస్తూ వచ్చింది.

రెండో రోజు సాయంత్రం యజమాని తిరిగొచ్చేసరికి నేను తొట్టి కడుగుతున్నాను. ఆయన కాసేపు చూసి, "సామాన్ గాడీ నడపవు కదా?" అన్నాడు.

"ఇది సామాన్ గాడీ కాదు అర్బాబ్. అమ్మగారి గాడీ."

"ఊరికి పోవడం లేదా? మోసింది చాలన్నావు. సూట్‌కేసు సర్దుకుంటున్నావని వంటామె చెప్పింది. పోదలుచుకున్నావేమో, నువ్వే చెబుతావని చూస్తున్నాను."

అక్కడే తొట్టి తలుపు మీద కూలబడ్డాను, తడిమీదే.

"ఫోటోలేవి మరి? నాలుగు," అన్నాడు. "రేపే."

మర్నాడు మేకల దగ్గర్నుంచి ఆ బండిలోనే షార్జా బజారు రోలాకి పోయి స్టూడియోలో ఫోటో దిగాను. మిగిలిన కాపీ చూసి వంటమనిషి పకపకా నవ్వింది.

"బాబాయ్ గారూ, భుజం మీద ఆ గడ్డిపోచేంటండీ!"

నిజమే, ఉంది. వీసా కాగితాల మీద ఆ పోచతోనే పోయాను. ఎవరూ వద్దనలేదు. వీసా పడింది. ఆ వీసాలోనే మా ఇంటికి కప్పూ పడింది.