సాలూరు హోటలు మీద గాజు అక్షరాలు

2017 మే నెల. సాలూరులో లారీలు ఆగే రోడ్డు పక్కన పైడిరాజు మావ భోజన హోటలు ఉంది. దాని షట్టరు పైన 'భోజనం' అని ఎర్రటి నియాన్ అక్షరాలు. ఆ బోర్డు షాకు కొడుతోందని నాకు కబురు వచ్చింది.

విజయనగరంలో నాది చిన్న ఎలక్ట్రికల్ రిపేరు షాపు. నియాన్ పని నాకు ఎవరూ నేర్పలేదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ల రేకుల మీద చెక్కిన అంకెలు చదివి, లెక్క కట్టుకుంటూ నేర్చుకున్నాను. నియాన్ అంటే గాజు గొట్టంలో నింపే ఒక వాయువు. అది వెలగాలంటే ఇంటి కరెంటు 230 వోల్టులు చాలవు. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. కాబట్టి నిచ్చెన ఎక్కేముందు ఫ్యూజు పీకి నా జేబులోనే వేసుకుంటాను. ఇంకొకరి చేతికి ఇవ్వను.

నేను వెళ్ళేసరికి హోటల్లో తగవు నడుస్తోంది. అంతకు ముందు రోజు మావ భార్య నర్సమ్మ, వరసతో పనిలేకుండా అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ, షట్టరు ఎత్తబోయి షాకు తిన్నది. కొడుకు రమణ బోర్డు పీకించి ఎల్ఈడీ పెట్టిద్దామంటున్నాడు. మావ ఒప్పుకోవడం లేదు.

"ఘాటీ రోడ్డు దిగిన డ్రైవరు ఈ ఎరుపు సూసే బ్రేకేస్తాడురా. తెలుగు రానోడిక్కూడా ఇది అన్నమని తెలుస్తాది," అన్నాడు మావ.

"అమ్మ పోతే అన్నం ఎవులు వండుతారు నాన్నా?" అన్నాడు రమణ.

మావ నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు బాబూ. పెమాదమంటే పీకించీ. నేను మరి మాటాడను."

ఆ మాట నాకు బరువుగా తోచింది. విశాఖలో ఆ గాజు వంచిన మేస్త్రీ దుకాణం ఎప్పుడో మూతపడింది. ఇంగ్లీషు అక్షరాలకు గీతలుంటాయి, మనవన్నీ గుండ్రాలు. 'భో' ఒక్కదాన్నే మంట మీద ఎన్ని మెలికలు తిప్పాడో. అక్షరానికీ అక్షరానికీ మధ్య కలిపిన గొట్టం కనబడకుండా నల్లరంగు పూశాడు. దించేటప్పుడు పగిలితే మళ్ళీ వంచేవాళ్ళు మా వైపు నాకు తెలిసి ఎవరూ లేరు.

ఫ్యూజు జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కాను. కారణం వెంటనే కనబడింది. గొట్టం చివర కరెంటు ఎక్కే కొసను ఎలక్ట్రోడ్ అంటారు. సరిగ్గా దాని పక్కనే దిష్టికి బూడిద గుమ్మడికాయ కట్టారు. కట్టింది ఇనప తీగతో. ఎండకు కాయ కుళ్ళి, నీరు తీగ వెంట కారి, ఎలక్ట్రోడ్ నుంచి బోర్డు ఇనప చట్రం దాకా మరక కట్టింది. కరెంటుకు అదే దారి. చట్రం బోల్టులు షట్టరుకు తగిలే ఉన్నాయి.

"పిన్నీ, ఈ కాయ ఇక్కడ ఉండకూడదు," అన్నాను.

"దిష్టి తగిలీది ఎలిగీదానికే గదా? ఆరిపోయిన పొయ్యి మీద కట్టమంటావేటి?"

"గుమ్మం పక్క కొక్కేనికి కట్టు. తీగ వద్దు, నూలుతాడు."

"అమాస అమాసకీ మారుత్తన్నాను. ఇన్నాళ్ళూ కొట్టని షాకు నిన్ననే ఎందుకు కొట్టినాది?"

ఆ ప్రశ్నకు నేను సరిగా చెవి ఇవ్వలేదు. కాయ తీసి, మరక తుడిచి ఆరబెట్టి, ఫ్యూజు పెట్టాను. అక్షరాలు తుమ్మెద రొదతో వెలిగాయి. అయిపోయింది పిన్నీ, ఇంక భయం లేదన్నాను.

"అయితే ముట్టుకో."

"ఏమిటి?"

"సట్టరు. ముందు నువ్వు ముట్టుకో, నేను సూస్తాను."

చెయ్యి చాచాను. సగం దూరంలో అది ఆగిపోయింది. వెనక్కి తీసుకుని సంచిలోంచి మీటరు బయటికి తీశాను.

"మిసను ముట్టుకుంటాది గానీ నువ్వు ముట్టుకోవు," అంది పిన్ని. మావ నవ్వాడు.

షట్టరు మీద ఇంకా అరవై వోల్టుల పైన చూపించింది. ఫ్యూజు మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

కాయ కరెంటును చట్రం దాకా తెచ్చిన మాట నిజమే. కానీ కాయ లేకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చట్రంలోకి కొంచెం కరెంటు కారుతూనే ఉంటుంది. చట్రానికి ఎర్తు బాగుంటే అదంతా భూమిలోకి పోవాలి, మనిషిలోకి కాదు. ఎర్తు వైరు పట్టుకుని కిందికి వచ్చాను. అది కొత్త టైల్సు దగ్గర తెగి ఉంది.

"ఇక్కడ ఎర్తు కోసం ఉప్పూ బొగ్గూ వేసిన గుంత ఉండాలే?"

మావ తల పట్టుకున్నాడు. "ఎండాకాలం రోజూ బిందెడు నీళ్ళు పోసేవోణ్ణి. ఒరే రమణా, ఏటి సేసినావురా?"

"ఉగాదికి టైల్సు ఏసినప్పుడు మేస్త్రీ అడిగినాడు. మురుగ్గుంత అనుకుని కప్పీమన్నాను," అన్నాడు రమణ. తర్వాత అతనే లోపలికెళ్ళి గునపం తెచ్చి, తను వేయించిన టైలు తనే పగలగొట్టాడు.

సాయంత్రానికి కొత్త పైపు, ఉప్పు, బొగ్గు, మందపాటి రాగి తీగతో ఎర్తు తయారైంది. నీళ్ళు పోసి, ఫ్యూజు పెట్టి, మళ్ళీ కొలిచాను. ఈసారి అంకె దాదాపు సున్నా. ముందు షట్టరుకు చెయ్యి వెనకవైపు ఆనించాను, తర్వాత అరచెయ్యి. పిన్ని నా మొహం చూసి, నా చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టింది.

"ఏటీ లేదు," అని షట్టరు సగానికి దించి మళ్ళీ ఎత్తింది. రోడ్డు మీద ఒక లారీ వేగం తగ్గించింది. పిన్ని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మావ మాత్రం కుర్చీ బయటికి లాక్కుని, మొదటిసారి చూస్తున్నవాడిలా బోర్డు కేసి చూస్తూ కూర్చున్నాడు.

షాకు కొట్టాలంటే చాలాసార్లు ఒక లోపం చాలదు, రెండు కలవాలి. మొదటిది దొరకగానే మనకు తృప్తి వచ్చేస్తుంది. అక్కడే రెండోది దాక్కుంటుంది. ఇప్పుడు నియాన్ పని నా దగ్గరికి దాదాపు రావడం లేదు. ఫ్రిజ్జులు, మోటార్లు చూస్తున్నాను. అయినా ఏ ఇంట్లోనైనా "అయిపోయింది" అనే ముందు నా చెయ్యిని అడుగుతాను, ముట్టుకుంటావా అని. అది వెనక్కి తగ్గితే, మీటరు మళ్ళీ తీస్తాను.