మావయ్య గురి తప్పిన రోజు

మా మావయ్య అప్పలస్వామి క్రోకే ఛాంపియన్ అని చూపడానికి ఇప్పుడు కప్పు లేదు, ఫోటో లేదు, ఆడిన క్లబ్బూ లేదు. కనీసం ఈ పేజీలోనైనా ఉండాలని రాస్తున్నాను.

గడ్డి మీద చెక్క సుత్తితో బంతిని కొట్టి ఇనుప కమానుల గుండా పంపడమే క్రోకే. దాని నియమాలన్నీ నేను రంగూన్ లైబ్రరీలో చదివి నేర్చుకున్నాను. మావయ్య అక్కడి అహ్లోన్ పేటలో బియ్యం మిల్లులో పనిచేస్తూ, ఆడి నేర్చుకుని, క్లబ్బు పోటీ ఏటా గెలిచేవాడు. విదేశీ పోటీకి పిలుపొచ్చినా ప్రభుత్వం పాస్‌పోర్టు ఇవ్వలేదు.

ఎనభై ఎనిమిదిలో సైనిక పాలన మీద లేచిన తిరుగుబాటు అణిగాక సైనికులు మా ఇల్లు సోదా చేశారు. మంచం కింద సుత్తి చూసి ఆయుధమన్నారు. నేను ఆట నియమాలు బర్మా భాషలో అప్పజెప్పాను.

“నీ లైబ్రరీ సదువు ఈల్లకెందుకురా అల్లుడా? నాను ఆడి సూపిస్తాను,” అన్నాడు మావయ్య.

కుర్చీ కాళ్ల మధ్య నుంచి బంతి పంపమన్నాడు ఆఫీసరు. తప్పితే స్టేషనుకే. వెనక తుపాకీ. మావయ్య కొట్టాడు. బంతి గోడకి తగిలింది.

“ఇంత చేతగానివాడు ఎవర్ని కొడతాడు!” అని ఆఫీసరు పగలబడి నవ్వి, సుత్తి విరిచేసి వెళ్లిపోయాడు.

“బతికిపోనావయ్యా!” అంది అత్త.

“ఏటి బతకడం? తప్పీసినాను కదే,” అన్నాడు మావయ్య. పోయేదాకా మళ్లీ ఆట మాట ఎత్తలేదు. వెనక తుపాకీ ఉండి చేతులు వణికితే ఏం చెయ్యాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

మాకోసం సైనికుల్ని బతిమాలిన పొరుగింటి కో ట్విన్‌కీ, ఇది రాయమని పోరిన చెల్లి గౌరికీ, ఆ కుర్చీలో ఇప్పటికీ ఎవర్నీ కూర్చోనివ్వని సింహాచలం అత్తకీ నా కృతజ్ఞతలు.