తంగేడు పూల కషాయం, నాగన్న పాదం

1955లో నన్ను బేతంచెర్ల దగ్గరి ఒక పల్లె డిస్పెన్సరీకి వైద్యాధికారిగా వేశారు. మద్రాసులో ఎల్.ఐ.ఎం. చదివినవాణ్ణి, అంటే దేశీయ వైద్యంతో పాటు కొంత ఇంగ్లీషు వైద్యమూ నేర్చినవాణ్ణి. రెండు పక్షాలవాళ్లూ నన్ను అవతలి పక్షంవాడిగానే లెక్కవేసేవారు. నా కింద ఒక కాంపౌండరు, ఒక స్పిరిటు దీపం ఉండేవి. దీపం వేళకు వెలిగేది.

నాగన్న నాపరాళ్ల గనిలో పనివాడు. మధుమేహం ఉంది. రాయి పడి కుడికాలి బొటనవేలికి అయిన పుండు రెండు నెలలైనా మానలేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఇన్సులిన్ ఇస్తారు, వెళ్లమన్నాను.

"సూది నాకొద్దు సామీ. ఆడికి పోతే పాదం కోసేస్తారంట. పాదం లేనోడు గనిలో ఏం జేస్తాడు?"

గట్ల మీద తంగేడు విరగబూసి ఉంది. దాని పూల కషాయం ఈ జబ్బుకు మా చదువులో ఉన్నదే. పది రోజులు గడువు పెట్టాను. అప్పటికి పుండు మానుముఖం పట్టకపోతే కర్నూలు పోవాల్సిందే. ఒప్పుకున్నాడు.

గుప్పెడు పూలు, శేరు నీళ్లు, పావుశేరు మిగిలేదాకా మరగాలి. ఇక పరీక్ష: గాజునాళికలో నీలిరంగు బెనెడిక్టు ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి కాచాలి. చక్కెర లేకుంటే నీలంగానే ఉంటుంది. పెరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక రంగు. నాగన్నది ఆరు రోజులూ ఇటుకే. ఆ ఇటుకలతో చిన్న గది కట్టుకోవచ్చు.

ఏడో రోజు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి పొయ్యి పక్కనే కూర్చున్నాను. అతని భార్య లింగమ్మ కొలత తప్పకుండా కషాయం కాచింది, వడగట్టింది, నిమ్మకాయంత బెల్లం గడ్డ వేసి కలిపింది.

"అదెవరు వేయమన్నారమ్మా?"

"మీరే గదా సామీ! పోయిన చలికాలం దగ్గుకు కషాయమిచ్చి బెల్లమేసుకోమంటిరి. ఇది శానా వగరుండాది, గొంతు దిగల్ల గదా?"

"ఇంత రుచైన మందు నేనెప్పుడూ తాగలా సామీ," అన్నాడు నాగన్న, నన్ను సముదాయిస్తున్నట్టు.

మందును దేనితో కలిపి తీసుకోవాలో దాన్ని మేము అనుపానం అంటాం. ఆ పాఠంలో తరగతిలో మొదటి మార్కు నాదే.

బెల్లం ఆపాక పదో రోజుకు రంగు పసుపుకు దిగింది. పుండు మాత్రం నల్లబడసాగింది. పువ్వు పని చేస్తోందని నాగన్న, చాలినంత చేయడం లేదని నేను. "మాటిచ్చినావు, లెయ్యప్పా," అని నేనే అతణ్ణి కర్నూలు రైలెక్కించి వెంట వెళ్లాను. సూదులు పడ్డాయి. బొటనవేలు పోయింది, పాదం దక్కింది. మూడు నెలలకు గనిలో పనికెక్కాడు.

తంగేడు పూలకు ఎంత గుణముందో ఆ పది రోజులు తేల్చలేదు. అందులో ఆరు రోజులు బెల్లానికే పోయాయి. తేలింది ఒక్కటే. మందు చెప్పేటప్పుడు అనుపానమూ చెప్పాలి. ఏదీ కలపకూడదంటే ఆ మాటా చెప్పాలి. రిటైరయ్యేదాకా చెబుతూనే వచ్చాను.