పరీక్షలో కూర్చున్న పుస్తకం

భూమి గుండ్రంగా ఉందని మొట్టమొదట కనిపెట్టిన పెద్దమనిషి ఆ సంగతి రాసుకున్న కాగితం ఎక్కడో పారేసుకుని తల పట్టుకుని కూర్చుంటే, వెతికి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది మా అమ్మమ్మే. ఆవిడే లేకపోతే మనమంతా ఇప్పటికీ బల్లపరుపు భూమి మీద, అంచు దగ్గర ఆచితూచి నడుస్తూ ఉండేవాళ్ళం. నమ్మనివాళ్ళు మా ఇంటికి రావచ్చు. వచ్చి "దీనికి ఆధారం ఏమిటి?" అని మాత్రం ఆవిడ ఎదుట అడక్కండి. ఆ ప్రశ్న ఆవిడ సొంత ఆస్తి. పాలు విరిగాయని చెప్పినా మొదట అదే అడుగుతుంది. అందుకే కాలేజీలో పిల్లలు ఆవిడకి ఆధారం మేడమ్ అని పేరు పెట్టారు.

కాలేజీ అంటే ఇంజనీరింగు కాలేజీ. దాని లైబ్రరీ మేడ మీద ఉండేది, కింద వర్క్‌షాపు. కింద లేతు మిషన్లు తిరిగితే పైన నేల సన్నగా వణికేది. ఆ వణుకుకి పుస్తకాలు పగలంతా కొంచెం కొంచెం ముందుకి జరిగి, సాయంత్రానికి అరల అంచున తొంగిచూస్తూ ఉండేవట. అమ్మమ్మ ఇంటికి బయల్దేరే ముందు ఒక్కో వరసనీ అరచేత్తో లోపలికి నెట్టి, పిల్లల్ని పక్కల మీదికి తోలినట్టు తోలి, అప్పుడు దీపాలు ఆర్పేది. మా అమ్మ చిన్నప్పుడు అది చూసి, పుస్తకాలు నిజంగానే పారిపోవాలని చూస్తాయని చాలాకాలం నమ్మింది. మా అమ్మ ఏదైనా నమ్ముతుంది. నేను డిప్లొమా పూర్తిచేస్తానని కూడా నమ్మింది.

అమ్మమ్మ భౌతికశాస్త్రం చదివింది, ఆ తర్వాత లైబ్రరీ శాస్త్రం చదివింది. రెండూ చదివినావిడ ఒక గదిలో కూర్చుని పుస్తకాల మీద ముద్రలు వేసుకుంటూ ఉంటే చాలని కాలేజీ అనుకుంది. హాజరు పట్టికలో ఆవిడ పేరు తోటమాలికి పైన, డ్రైవరుకి కింద, బోధనేతర సిబ్బంది అన్న శీర్షిక కింద ఉండేది. తోటమాలితో గానీ డ్రైవరుతో గానీ ఆవిడకి ఏ పేచీ లేదు. పేచీ అంతా ఆ శీర్షికతోనే. పుస్తకం చేతికివ్వడం ఎవరైనా చేస్తారు, వెతకడం నేర్పాలి, దానికి వారానికో పీరియడ్ కావాలి అని కనపడ్డవాళ్ళందరినీ అడిగింది. లైబ్రరీలో నేర్పడానికేముంది, సంతకం పెట్టి తీసుకెళ్ళడమేగా అని నవ్వారు. ఫిజిక్స్ మాస్టారు ఇంకో అడుగు ముందుకేసి, "తాళంచెవులు చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు మీదైపోదమ్మా" అన్నాడట. "ఇల్లు నాకొద్దండి, ఇంట్లోవాళ్ళకి దారి తెలిస్తే చాలు" అంది అమ్మమ్మ.

చివరికి పీరియడ్ వచ్చింది. ఆవిడ ప్రతిభ చూసి ఇవ్వలేదు. డ్రాయింగు మాస్టారు చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేస్తే శుక్రవారం ఆఖరి గంట ఖాళీ పడింది. మిగతావాళ్ళు ఆ గంటని తప్పించుకునే ఉపాయాలు ఆలోచిస్తుంటే, అమ్మమ్మ వెళ్ళి అడిగి తెచ్చుకుంది.

ఆ పీరియడ్లో ఆవిడ ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పేది కాదు. ఒకబ్బాయి పంపుల మీద పుస్తకం కావాలన్నాడు. ఏ పంపు, నీళ్ళు ఎంత ఎత్తుకి తోడాలి, ఎందుకు అడుగుతున్నావు అని కూపీ లాగితే, ఇంట్లో మోటారు కాలిపోయిందనీ, కాల్చింది తనేననీ ఒప్పుకున్నాడు. అతనికి కావలసింది పంపుల పుస్తకం కాదు, వైండింగు పుస్తకం. నాన్నగారికి చెప్పే ధైర్యం మాత్రం లైబ్రరీలో లేదని చెప్పి పంపింది.

ఇక పరీక్ష. అది ఆవిడ సొంత సృష్టి. నాలుగు పుస్తకాలు తీసి, కావాలని తప్పుచోట పెట్టేది. చేతికందిన చోట కాదు. పుస్తకాలు నిజంగా ఎలా తప్పిపోతాయో అచ్చం అలాగే పెట్టేది. ఒకటి వరస వెనక్కి పడిపోయినట్టు, ఇంకొకటి ఎవరో రెండు పుస్తకాలు కలిపి చదివి రెండోదాని పక్కనే వదిలేసినట్టు. వెతికేవాడు పుస్తకం కోసం కాదు, దాన్ని తప్పించిన మనిషి కోసం వెతకాలని ఆవిడ సిద్ధాంతం. వాడికి తొందరా, బద్ధకమా, పొట్టివాడా, అది ఊహించు, పుస్తకం అక్కడే ఉంటుంది అనేది. మా ఇంట్లో పోయిన కత్తెరలన్నీ ఇప్పటికీ ఇలాగే దొరుకుతున్నాయి, నా స్వభావం మీద ఒక ఉపన్యాసంతో సహా.

ఇంతలో కాలేజీకి గుర్తింపు పొడిగించాలా వద్దా అని చూడటానికి తనిఖీ సంఘం వచ్చింది. సంఘం పెద్దాయన కేటలాగు కార్డుల సొరుగు లాగి, కళ్ళు మూసుకుని ఒక కార్డు మీద వేలు పెట్టాడు. వేల కార్డులున్న సొరుగుల్లో ఆ వేలు సరిగ్గా అమ్మమ్మ ఆ వారం పరీక్షకి దాచిన వంతెనల పుస్తకం కార్డు మీద పడింది. దాన్ని తెమ్మన్నాడు. అమ్మమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"పోయిందా?" అన్నాడు ప్రిన్సిపాల్, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా.

"పోలేదండి. పరీక్షలో ఉంది."

పుస్తకానికి పరీక్షేమిటో ఎవరికీ అర్థం కాలేదు. అమ్మమ్మ విడమరిచి చెప్పింది. ఈ గదిలోనే ఉంది, తనే తప్పుచోట పెట్టింది, శుక్రవారం పిల్లలు వెతుకుతారు, అంతదాకా చెప్పడం కుదరదు. సంఘం పెద్దాయన కిటికీ వైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదు, నవ్వేనని మా తాతయ్య వాదన. ప్రిన్సిపాల్ తలుపు దగ్గరున్న అద్దాల పెట్టె మీద చెయ్యి ఆనించి, గొంతు తగ్గించాడు.

"పోనీ, నా చెవిలో చెప్పండి. ఎవరికీ చెప్పను."

"మీ తమ్ముడుగారబ్బాయి ఆ క్లాసులోనే ఉన్నాడు సార్."

ఆ మాటతో వ్యవహారం చెడింది. సాయంత్రంలోగా పుస్తకం తన బల్ల మీద ఉండాలనీ, లేకపోతే రేపటి టైంటేబుల్లో లైబ్రరీ పీరియడ్ ఉండదనీ చెప్పి ప్రిన్సిపాల్ వెళ్ళిపోయాడు.

తాతయ్యది గడియారాలు బాగుచేసే షాపు. అమ్మమ్మ రోజూ ఇంటికి వెళ్తూ అక్కడ కాసేపు ఆగేది. ఆ సాయంత్రం సంగతంతా విని ఆయన, "ఏమోయ్, ఆ ఒక్కటీ ఇచ్చేస్తే పోయేదేముంది? ఇంకోటి దాచుకో. పుస్తకాలకేం కరువు?" అన్నాడు.

"శుక్రవారం దాకా ఎవరికీ చెప్పనని పిల్లలకి చెప్పానండీ. పైవాడు గద్దిస్తే బయటపెట్టేది ప్రశ్నపత్రం ఎలా అవుతుంది? ఇన్నాళ్ళూ నేను పాఠం చెప్పేదాన్ని కాదంటున్నారు వాళ్ళు. ఇప్పుడు చెప్పేస్తే వాళ్ళన్నదే ఖాయమవుతుంది."

"పీరియడ్ పోతుంది మరి."

"పీరియడ్ పోతే పోనివ్వండి. పరీక్ష పోదు."

తాతయ్య కంటికి బిగించుకున్న భూతద్దం తియ్యకుండానే తలూపాడట. మర్నాడు నోటీసు బోర్డు మీద శుక్రవారం ఆఖరి గడిలో లైబ్రరీ అన్న మాట మీద ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద ఆటలు అని రాసి ఉంది.

శుక్రవారం ఆఖరి గంటకి అమ్మమ్మ లైబ్రరీ తలుపులు రెండూ బార్లా తీసి కూర్చుంది. మైదానంలో లేనివాళ్ళకి గైర్హాజరు వేస్తామని ముందే చెప్పారు. చాలాసేపు ఎవరూ రాలేదు. కింద లేతు ఆగిపోయింది. తర్వాత మెట్ల మీద చప్పుడు లేకుండా ఒకమ్మాయి వచ్చింది, ఆటల బూట్లు చేతిలో పట్టుకుని. క్లాసులో నోరు విప్పని పిల్ల. ఆ పిల్ల వెనక ఇద్దరు, వాళ్ళ వెనక గుంపు. సగం క్లాసు వచ్చింది. ప్రిన్సిపాల్ తమ్ముడి కొడుకు రాలేదు. వాడు సాయంత్రం పెదనాన్న ఉన్న ఇంటికే వెళ్ళాలి కదా.

వంతెనల పుస్తకం దొరికింది ఆ నోరు విప్పని పిల్లకే. లైబ్రరీ లెక్కలో వంతెనల పుస్తకాల నంబరు 624. చెయ్యి తొందరపడితే చివరి రెండంకెలూ తారుమారై 642 అవుతుందని ఆలోచించి, ఆ అర దగ్గరికి వెళ్ళింది. అది భోజనాలు వడ్డించే పద్ధతుల నంబరు. హాస్టలు వంటశాల కోసం ఎప్పుడో కొన్న రెండు పుస్తకాల మధ్య వంతెన నిక్షేపంగా నిలబడి ఉంది.

అప్పటికి ప్రిన్సిపాల్ గుమ్మంలోకి వచ్చాడు. మైదానం ఖాళీగా ఉందని ఎవరో చెప్పి ఉంటారు.

"లోపలికి వస్తే రండి సార్," అంది అమ్మమ్మ. "మాట్లాడకండి. పరీక్ష జరుగుతోంది."

ఆయన వచ్చి మళ్ళీ అద్దాల పెట్టెకి ఆనుకుని నిలబడ్డాడు. గంట మోగేసరికి మూడు దొరికాయి, నాలుగోది దొరకలేదు. వంతెనల పుస్తకం చేతిలోకి తీసుకోగానే ఆయన కోపం కొంత దిగింది. ఆ మిగిలిన ఒకటి కూడా చూపించేస్తే గొడవ వదిలిపోతుందనీ, సోమవారం నుంచి పీరియడ్ మళ్ళీ వేయిస్తాననీ అన్నాడు. పిల్లలందరూ అమ్మమ్మ ముఖంకేసి చూశారు. సరేననండి మేడమ్ అని ఒకడు మెల్లిగా అన్నాడు కూడా.

"దొరికేదాకా పరీక్ష అవలేదు సార్," అంది అమ్మమ్మ.

పీరియడ్ పోయింది. నోటీసు బోర్డు మీద ఆటలు అన్న కాగితం అలాగే ఉండిపోయింది. పిల్లలు మాత్రం నాలుగో పుస్తకం కోసం భోజనాల విరామంలో రావడం మొదలుపెట్టారు. వరండాలో గబగబా తినేసి, చేతులు కడుక్కుని, తడి లేదని చూపిస్తేనే లోపలికి రానిచ్చేది. వెతుకుతూ వెతుకుతూ ఏవేవో అడిగేవాళ్ళు. ఆవిడ ఎదురుప్రశ్నలు వేసేది. ఎవరూ వెయ్యకుండానే పీరియడ్ తయారైంది.

నాలుగోది చివరికి ప్రిన్సిపాల్ తమ్ముడి కొడుక్కే దొరికింది. ఒక మధ్యాహ్నం తిన్నగా వచ్చి, తలుపు దగ్గరి అద్దాల పెట్టెలోకి వంగి చూశాడు. అది కొత్తగా కొన్న పుస్తకాలు పెట్టే పెట్టె. వాటి మధ్యలో తుప్పు గురించి రాసిన పాత పుస్తకం ఒకటి, కొత్త పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. ఎలా కనుక్కున్నావని అడిగితే, "మా పెదనాన్న రోజూ ఇంట్లో ఆ గొడవే చెబుతున్నారు మేడమ్. చెప్పినప్పుడల్లా ఇదిగో ఇలా చెయ్యి ఆనించి అడిగానూ అంటున్నారు. ఆ చెయ్యి కింద ఎవరూ చూసి ఉండరనిపించింది" అన్నాడట. వాడికి నూటికి నూరూ వేసింది.

ఆ పీరియడ్ మళ్ళీ టైంటేబుల్లోకి రాలేదు. భోజనాల విరామం పాఠం మాత్రం ఆవిడ ఉద్యోగం చేసినంతకాలం సాగింది. పదవీ విరమణ నాడు, అప్పటికి వచ్చిన కొత్త ప్రిన్సిపాల్, పుస్తకాలని కన్నబిడ్డల్లా కాపాడారని పొగిడాడు. అమ్మమ్మ లేచి, కాపాడలేదు, పాఠం చెప్పాను అని కూర్చుంది. బోధనేతర సిబ్బంది వరసలోంచి డ్రైవరు ఒక్కడే చప్పట్లు మొదలుపెట్టాడని తాతయ్య చెప్పేవాడు.

నేను డిప్లొమా మధ్యలో వదిలేసి తాతయ్య షాపులో కూర్చున్నప్పుడు ఇంట్లో అందరూ తలో తిట్టూ తిట్టారు. అమ్మమ్మ మాత్రం, ఏం వెతకడానికి మానేశావే అని అడిగింది. ఇప్పుడు గడియారాలతో పాటు ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు విప్పుతున్నాను. చెడగొట్టిన మనిషిని ఊహించి మరీ విప్పుతున్నాను. జవాబు ఇంకా బాకీయే.

తాతయ్యకి చివరిదాకా ఒక అనుమానం ఉండేది. మీ అమ్మమ్మ మొండితనం అంతా నాటకమే, నాలుగో పుస్తకం ఎక్కడ పెట్టిందో ఆవిడే మర్చిపోయింది అని నాకు రహస్యంగా చెప్పేవాడు. ఆయన పోయాక ఆ అనుమానం నాకు ఆస్తిగా వచ్చింది. మొన్న ఇది రాసి ఆవిడకి చదివి వినిపించాను. భూమి సంగతికి ఆధారం లేదు, కొట్టెయ్ అంది. కొట్టెయ్యలేదు. సరే, ఇదొక్కటి నిజం చెప్పు, ఆ రోజు నువ్వు మర్చిపోయావు కదా అని అడిగాను.

"మర్చిపోయి ఉంటే మర్చిపోయానని చెప్పేదాన్నే. గుర్తుంది కాబట్టే చెప్పలేదు."