బురదలో పడ్డ తుపాకీ

కలకత్తా న్యూ టౌన్‌లో మా ఆఫీసు కింద గార్డు తుపాకీ తుడుస్తుంటే, ఆ నూనె వాసనకి నాన్న గుర్తొచ్చాడు.

ఆయనా బ్యాంకు గార్డే. హౌరా పక్కన లిలువాలో అమ్మ లేని ఇంట్లో మేమిద్దరం, ఆయన సొంత తుపాకీ. దసరాకి దానికి బొట్టు, పూజ. నేల తాకనిచ్చేవాడు కాదు. మంచమ్మీద నాన్న పక్కన అది, చాపమీద నేను.

ఓ సాయంత్రం డ్యూటీ నుంచొస్తున్న నాన్నకి ఎదురెళ్తే, గల్లీలో కుక్కొకటి నా మీదికి దూకింది. "కాల్సీ నాన్నా!" అని అరిచాను. ఆయన తుపాకీని బురదలో పడేసి, రెండు చేతులా నన్నెత్తుకున్నాడు. కుక్క ఆయన పిక్క పట్టింది.

టీకొట్టు అప్పన్న మావ వేణ్ణీళ్ళు జల్లి దాన్ని తరిమాడు. "తుపాకీ ఉండి కరిపించుకున్నావేటి?"

"ఇరుకు సందులో కాలిస్తే కుక్క తప్ప అందరూ పోతార్రా," అన్నాడు నాన్న.

ఆయనకి కాల్చడం రాదనుకుని నేను సిగ్గుపడ్డాను. నాకు గుర్తున్నంతలో ఆయన నన్నెత్తుకున్నది ఆ ఒక్కసారే అని ఇన్నాళ్ళకి తట్టింది.