వంగపండు రంగు రాజ్యాలు

ఫోటోకాపీ యంత్రంలోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలితే నాకిప్పటికీ ప్రభాకర్ అంకుల్ గుర్తొస్తారు. అమెరికాలో, అరోరా ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గరున్న లైబ్రరీలో ఆయన జర్మన్ దేశాల పాత పటాలకు కాపీలు తీసుకుని, మధ్యయుగంలో బిషప్పులు ఏలిన నేలనంతా వంగపండు రంగు పెన్సిల్‌తో నింపేవారు. గుంటూరు లూథరన్ కుటుంబం వాళ్ళది. మందుల కంపెనీ ల్యాబ్‌లో చేసి రిటైరయ్యారు. భార్య పోయాక, శనివారాలు తెలుగు సంఘం హాల్లో పదిమందికి చరిత్ర చెప్పడం కోసమే ఆయన వారమంతా చదివేవారు.

మా ఆయన ఉద్యోగం వెంట నేను 2008లో హెచ్-4 వీసా మీద వచ్చాను. ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్ళగలిగింది ఆ లైబ్రరీ ఒక్కటే. బీకాం చదివిన నాకు చరిత్రంటే పరీక్షకు బట్టీపట్టిన సంగతులే. ఒకరోజు ఆయన బల్ల దగ్గర నిలబడి, మతగురువులకు రాజ్యాలెందుకు ఇచ్చారని అడిగాను.

"కూర్చోమ్మా. నువ్వే చక్రవర్తివనుకో. దొరకి ఊరిచ్చావు. వాడు పోతే కొడుకొచ్చి నాదంటాడు. బిషప్‌కి పెళ్ళుండదు, వారసుడుండడు కదా! ఆయన పోతే ఆ కుర్చీలో మళ్ళీ నీ మనిషినే కూర్చోబెట్టుకోవచ్చు. సేఫ్ ఇన్వెస్ట్‌మెంట్."

జవాబు అంతవరకే. మిగతాదానికి ఒక లావుపాటి పుస్తకం నా ముందుకు తోసి, చదివి మూడు ప్రశ్నలు పట్టుకు రమ్మన్నారు. అర్థమైందంటే ఒప్పుకునేవారు కాదు, ప్రశ్న ఏదమ్మా అనేవారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు చదివాను. ఏ కాలేజీ ఇవ్వని గర్వం ఆ పుస్తకం నాకిచ్చింది. ఏడాది తిరిగేసరికి నాతోనే ఒక శనివారం మాట్లాడించారు. బిషప్ ఎన్నిక చక్రవర్తి చేతిలోంచి జారి, పెద్ద చర్చిలోని గురువుల మండలికి ఎలా దక్కిందో చెప్పాను. ఎన్నుకునే ముందు ఆ మండలి కొత్త బిషప్ చేత షరతుల కాగితం మీద సంతకం పెట్టించుకునేది. ఒకరి హయాంలో ఒక హక్కు, తర్వాతి వారి హయాంలో ఇంకొకటి బిషప్పులు వదులుకుంటూ పోయారని వివరిస్తుంటే, అంకుల్ వెనక వరసలో కూర్చుని తల ఊపుతూ విన్నారు.

సంఘానికి కొత్త కమిటీ వచ్చింది. హాలు వాడుకోవాలంటే ఏటా ఒక ఒప్పందం రాసివ్వాలన్నారు. అందరూ మనవాళ్ళే, పండక్కి పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళే. ఆ కాగితం ఆయన దగ్గరికి తీసుకెళ్ళే పని నాది. మొదటి ఏడు శనివారం మంగళవారమైంది. రెండో ఏడు రెండు గంటలు గంటయ్యాయి, ఆ రెండో గంట పిల్లల మ్యాథ్స్ కోచింగ్‌కి పోయింది. మూడో ఏడు, ఏం మాట్లాడాలో కమిటీయే చెబుతుందన్నారు. అంకుల్ రెండు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు.

"సైన్ చేసేయండి అంకుల్. కనీసం హాలైనా మిగుల్తుంది," అన్నాను.

ఆయన సంతకం పెట్టి నావైపు చూశారు. "కొలోన్ సిటీ ఆర్చిబిషప్‌కి కూడా కుర్చీ మిగిలిందమ్మా. సొంత ఊళ్ళోకి రావడానికే పర్మిషన్ అడగాల్సొచ్చింది."

జోక్ అనుకుని నవ్వాను.

ఆ ఏడాది మంగళవారాలన్నీ ట్యాక్స్ ఫైలింగ్, గ్రీన్ కార్డ్, కాలేజీ అడ్మిషన్లతోనే గడిచాయి. ఆయన ముందే వచ్చి కుర్చీలు వేసి, వక్తను పరిచయం చేసి, చివర కూర్చునేవారు. తర్వాత రావడం మానేశారు. లైబ్రరీకీ రాలేదు. అప్పటికి నాకు లైసెన్స్ వచ్చింది, డ్రైవ్ చేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాల బల్ల మీద ఒక్క పుస్తకం కూడా లేదు. ఏం చదువుతున్నారని అడిగాను.

"ఎవరికి చెప్పాలనమ్మా చదవడం?"

ఆ చలికాలంలోనే పోయారు.

బిషప్పుల అధికారాన్ని తగ్గించింది శత్రువులే అయితే ఆ కథ ఇంత బాధపెట్టదు. ఆ షరతులు రాసింది రోజూ వాళ్ళ పక్కన నిలబడి ప్రార్థన చేసినవాళ్ళు. ఆ పాఠం పదిమంది ముందు నిలబడి చెప్పిన నేనే, కాగితమూ పెన్నూ ఆయన చేతికిచ్చాను. వినడానికి వచ్చేది ఎనిమిదిమందో తొమ్మిదిమందో. మా లివింగ్ రూమ్‌లో సోఫా గోడకు జరిపి కార్పెట్ మీద దుప్పటి పరిస్తే అందరూ పట్టేవాళ్ళు. సంతకం వద్దు అంకుల్, శనివారం మా ఇంటికి రండి అనడానికి ఒక్క నిమిషం చాలు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ మాట నాకు తట్టలేదు.